ఆరో సీటు

మా ఇంట్లో రెండు పంచాంగాలుంటాయి. ఒకటి ప్రతి ఉగాదికీ అమ్మ ఎవరో ఒకరి సూట్‌కేసులో పెట్టించి పంపే గంటల పంచాంగం. రెండోది మా అమ్మాయి రోయింగ్ క్లబ్ వాళ్ళు ఇచ్చే రెగట్టాల కాగితం. మొదటిదాంట్లో వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ ఉంటాయి. రెండోదాంట్లో ఏ శనివారం ఏ సరస్సు మీద పందెం, పడవల ట్రైలర్ ఎన్నింటికి బయల్దేరుతుంది, టెంటులో పిల్లల తిండి ఎవరి వంతు అన్నవి ఉంటాయి. మూడేళ్ళు ఈ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా గడిచాయి. పోయిన మే నెలలో రెండూ ఒకే ఆదివారం మీదకి వచ్చి కూర్చున్నాయి.

రెగట్టా అంటే ఏమిటో ముందు చెప్పాలి. మా అమ్మకి ఫోన్‌లో మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు, "రాగట్టా? పొద్దున్నే అదే పెడుతున్నావా పిల్లకి? మంచిదే, బలం" అంది. రాగి అట్టు కాదు, పడవ పందేల జాతర. మాట వెనిస్ వాళ్ళది. ఇక్కడ అమెరికాలో దానికి రెండు కాలాలు. ఆకులు రాలే రోజుల్లో జరిగేవి హెడ్ రేసులు. 5 కిలోమీటర్ల దాకా దూరం. పడవలు ఒకదాని వెనక ఒకటి కాస్త కాస్త ఎడంతో బయల్దేరతాయి. ఎవరు ముందో కంటికి తెలీదు, గడియారం చెప్పాలి. గట్టు మీద నిలబడ్డ తల్లులందరం మా పిల్లే గెలిచిందనుకుని కాసేపు సంతోషంగా ఉంటాం. వసంతంలో జరిగేవి అసలు పందేలు. 2000 మీటర్లు, పక్కపక్కనే ఆరు పడవలు, ఏడెనిమిది నిమిషాల్లో అంతా తేలిపోతుంది. ఆ కాసేపటి కోసం మూడు గంటలు కారులో వెళ్ళి, వానలో నాలుగు గంటలు నిలబడతాం.

మేముండేది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. సమామిష్ అని ఒక పెద్ద సరస్సు ఉంది, 11 కిలోమీటర్ల పొడుగు. అందులోంచి ఒక చిన్న ఏరు మా ఊరి మీదుగా ఉత్తరానికి పోతుంది. ఏరనే మాటే గానీ, గోదావరి జిల్లా పిల్లకాలవకి ఉన్నంత నడక కూడా దానికి లేదు. దాని ఒడ్డున ఉంది క్లబ్బు. స్కూలుది కాదు, కాలేజీది కాదు, ఊరందరిదీ. సాయంత్రం పిల్లలు, తెల్లవారుజామున పెద్దవాళ్ళు. ఆ పెద్దవాళ్ళలో నా కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళైన ఆడవాళ్ళున్నారు. చీకట్లో తలకి లైటు కట్టుకుని పడవ భుజాన వేసుకుని వెళ్ళిపోతుంటారు. వాళ్ళని చూసినప్పుడల్లా నా మోకాళ్ళ నొప్పి గురించి నోరెత్తకుండా ఉండాలని గట్టిగా అనుకుంటాను.

చిన్ని ఇందులోకి వెళ్ళడానికి కారణం దాని పొడుగు. పన్నెండో ఏటికే నన్ను దాటింది, పదిహేనో ఏటికి వాళ్ళ నాన్నని దాటింది. ఇప్పుడు 5 అడుగుల 10 అంగుళాలు. సెలవులకి రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఒక్కటే పాట: "ఇంత పొడుగైతే పిల్లాణ్ణి ఎక్కడ తెస్తావే?" పెళ్ళిళ్ళలో ఫోటో తీసేటప్పుడు దాన్ని వెనక్కి పంపేవారు. అది తనంతట తనే వెళ్ళి వెనక నిలబడడం కూడా నేర్చుకుంది, మెడ కొంచెం వంచి. తొమ్మిదో క్లాసులో స్నేహితురాలితో క్లబ్బు చూడ్డానికి వెళ్తే అక్కడి కోచ్ దీన్ని కింది నుంచి పై దాకా చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అందిట. చేతులు ఎంత పొడుగుంటే తెడ్డు నీళ్ళలో అంత దూరం లాగుతుంది కదా. ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

నాకు మాత్రం భయం. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగాను గానీ ఈత రాదు. మా తరంలో ఆడపిల్లకి గోదావరి అంటే మెట్లే. కార్తీకంలో దీపం వదలడానికి మూడు మెట్లు, పుష్కరాలకి నడుం లోతు, అదీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే. నది ఒడ్డున పెరిగినవాళ్ళకి నది ఏం తీసుకుపోగలదో తెలుసు. ప్రతి వీధిలోనూ ఒక ఇంట్లో ఆ ఫోటో ఉంటుంది. అందుకని చేరే ముందు ఈత పరీక్ష ఉందన్నప్పుడు లోపల లోపల ఫెయిలవుతుందేమోనని ఆశపడ్డాను. పది నిమిషాలు నీళ్ళలో తేలుతూ ఉండి, ఆ నీళ్ళలోనే లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి. చిన్ని నవ్వుతూ చేసేసింది. పడవలో ఉన్నప్పుడు జాకెట్ వేసుకోరనీ, అవన్నీ వెనకాలే మోటారు బోటులో వచ్చే కోచ్ దగ్గర ఉంటాయనీ తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే సంతకం పెట్టేదాన్ని కాదు.

వీళ్ళ పడవ చూస్తే మీకూ అలాగే ఉంటుంది. ఎనిమిది మంది కూర్చునే పడవని ఎయిట్ అంటారు. 60 అడుగుల పొడుగు, వెడల్పు మాత్రం ఒక మనిషి కూర్చునేంతే. బరువు 100 కిలోలు కూడా ఉండదు, పిల్లలే భుజాల మీద మోసుకెళ్ళి నీళ్ళలో పెడతారు. సీట్ల కింద చక్రాలు, అవి పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతాయి. బూట్లు పడవకే బిగించి ఉంటాయి. మనిషికి ఒక్కటే తెడ్డు, పన్నెండు అడుగులది, నలుగురివి కుడివైపు, నలుగురివి ఎడమవైపు. అంటే ఎవరూ ఒంటరిగా ఆ పడవని తిన్నగా నడపలేరు. తెడ్లు నీళ్ళ మీద ఉన్నంతసేపే అది నిలబడుతుంది. ఒకళ్ళ చెయ్యి రెండంగుళాలు కిందకి పోతే పడవంతా ఆ పక్కకి ఒరుగుతుంది. తెడ్డు సరైన క్షణంలో పైకి తియ్యకపోతే నీళ్ళు దాన్ని పట్టేసుకుని, పిడి వచ్చి గుండెల మీద కొడుతుంది. దానికి వీళ్ళు పెట్టుకున్న పేరు "పీతని పట్టడం". ఎనిమిది మందీ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ఎదర ఏముందో చూసేది తొమ్మిదో పిల్ల ఒక్కతే. చివర్న కూర్చుని చుక్కాని తాడు పట్టుకుని మైకులో అరుస్తూ ఉంటుంది. కాక్స్ అంటారు. నేను సరంగు అంటాను. మిగతా తల్లులకి కూడా ఆ మాట అలవాటైంది, వాళ్ళ నోట్లో అది "సారాంగ్" అవుతుంది.

చిన్నిది ఆరో సీటు. మధ్యలో ఉండే నాలుగు సీట్లనీ ఇంజను గది అంటారు, బలమున్న పిల్లల్ని అక్కడ పెడతారు. ఆ సీటు ఊరికే రాలేదు. మార్చిలో సీట్ రేసులని పెడతారు. రెండు పడవలు పక్కపక్కన పోటీ పడతాయి. ఒడ్డుకి రాకుండానే ఈ పడవలోంచి ఒకళ్ళని, ఆ పడవలోంచి ఒకళ్ళని మార్చి మళ్ళీ పోటీ. ఎవరు మారితే ఏ పడవ ఎంత ముందుకొచ్చిందో కోచ్ లెక్క కడుతుంది. పదిహేడేళ్ళ పిల్లలకి తమ వల్ల ఎంత తేడా పడిందో సెకన్లలో చెప్పేస్తారన్న మాట. నాకైతే అది కొంచెం కఠినంగానే అనిపిస్తుంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం. చివరికి బోర్డు మీద పేర్లు రాస్తారు, పక్కన సీటు నంబరు.

దాని చేతుల గురించి చెప్పకపోతే ఎలా? కాయలు కాచి, పగిలి, మళ్ళీ కాచి, అరచెయ్యి వ్యవసాయం చేసిన చెయ్యిలా ఉంటుంది. కొబ్బరినూనె రాస్తానంటే ఒప్పుకోదు, మెత్తబడితే మళ్ళీ పొక్కుతాయిట. ఒకసారి నేను దాని చేతులు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నన్ను కూర్చోబెట్టి ఒక కథ చెప్పింది. యేల్ యూనివర్సిటీ ఆడపిల్లల రోయింగ్ టీముకి పడవల షెడ్డు దగ్గర స్నానాల గది లేదట. మగపిల్లలకుంది. చలికాలంలో తడిబట్టలతో బస్సులో కూర్చుని, మగపిల్లలు వేడినీళ్ళ స్నానాలు చేసి వచ్చేదాకా ఎదురు చూడాలి. చెప్పి చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1976 మార్చిలో క్రిస్ ఎర్న్‌స్ట్ అనే అమ్మాయి ముందుండగా 19 మంది ఆఫీసు గదిలోకి వెళ్ళి, పైబట్టలు తీసేసి నిలబడ్డారు. ఒంటి మీద "టైటిల్ నైన్" అని రాసుకున్నారు. చదువుకునే చోట ఆడా మగా తేడా చూపకూడదని 1972లో వచ్చిన చట్టం పేరది. క్రిస్ ఒక కాగితం చదివింది, పక్కన న్యూయార్క్ టైమ్స్ విలేకరి రాసుకున్నాడు. మర్నాడు దేశమంతా తెలిసింది. ఆ ఏడాదే మాంట్రియల్‌లో ఆడవాళ్ళ రోయింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, క్రిస్ అక్కడా ఆడింది. అప్పట్లో ఆడవాళ్ళకి 1000 మీటర్లే, మగవాళ్ళ దూరంలో సగం. 2000 చెయ్యడానికి 1988 ఒలింపిక్స్ దాకా పట్టింది. ఇదంతా చెప్పి, "ఇప్పుడు మాకు స్నానాల గది ఉందమ్మా, ఏడవకు" అంది. చెప్పేది వింటూ నేను ఆ పిల్లల తల్లుల గురించి ఆలోచిస్తున్నాను. పొద్దున్నే పేపరు చూసి ఏమనుకున్నారో.

ఇక అసలు సంగతి. మా అన్నయ్యకి ఒక్కతే కూతురు. నాకు ఒక్కతే మేనకోడలు. పెళ్ళి కుదిరింది, మార్చి నెలాఖరులో ముహూర్తం పెట్టారు. వైశాఖంలో, ఆదివారం రాత్రి 11 దాటాక, రాజమండ్రిలో. వదిన ఫోన్ చేసి, "చిన్నే తోడిపెళ్ళికూతురు. కొలతలు పంపు, లంగా ఓణీ కుట్టిస్తున్నాను" అంది. పంపాను. చిన్ని ఎగిరి గంతేసింది. వాళ్ళిద్దరూ వరసకి వదినామరదళ్ళైనా అక్కచెల్లెళ్ళకన్నా ఎక్కువ. ప్రతి సెలవులకీ ఒకే మంచం మీద పడుకుని తెల్లారేదాకా గుసగుసలు. సాయంత్రం కాగితం చూశాం. అదే శుక్ర శని ఆదివారాలు వాంకూవర్ లేక్‌లో ప్రాంతీయ పోటీలు. కెనడా వాంకూవర్ కాదు, మా రాష్ట్రానికే దక్షిణపు కొసన, ఒరెగాన్ సరిహద్దులో ఉన్న వాంకూవర్. ఏడాదంతా చేసిన సాధన దానికోసమే. అక్కడ ముందు వచ్చిన పడవలే జూన్‌లో ఫ్లోరిడాలోని సరసోటాకి, జాతీయ పోటీలకి వెళ్తాయి.

చిన్ని రెండు రోజులు ఏం మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి, గట్టు మీద కూర్చుని, "నేను వెళ్ళనమ్మా పెళ్ళికి" అంది. "అందరిలాగే నీకూ బదులు ఎవరో ఒకరుంటారు కదే" అన్నాను. "ఉన్నారు. కానీ ఫిబ్రవరి నుంచీ ఆ పడవ నాతో వెళ్ళింది. ఇప్పుడు మారిస్తే ఏడుగురికీ మళ్ళీ మొదటి నుంచీ. నేను లేకపోతే నేను ఒక్కదాన్నే ఓడిపోను."

ఆ మాటకి నాకు గర్వంగా అనిపించాలి కదా. ముందు వచ్చింది కోపం. ఆ పిల్ల మా ఇంట్లో తిన్న కంచం తియ్యదు. తను లేకపోతే ఆగిపోయే పని ఇంట్లో ఒక్కటీ లేదు, ఉండకుండా నేనే చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను లేకపోతే ఆగిపోయేవి ఎన్నో ఉన్నాయి. వాటిని ఎవరూ బోర్డు మీద రాయలేదు, పక్కన నంబరు వెయ్యలేదు. దీనికి మాత్రం పదిహేడేళ్ళకే ఫలానా చోటు నాది, నేను కదిలితే ఏడుగురు కదులుతారు అని తెలిసిపోయింది. అది కోపమో అసూయో ఇప్పటికీ చెప్పలేను. ఆ రాత్రి గిన్నెలు కాస్త చప్పుడు చేస్తూనే తోమాను.

మావారు ఎప్పటిలాగే రెండు వైపులా తలూపారు. "కాలేజీ అప్లికేషన్లకి పనికొస్తుంది కూడా" అన్నారు. ఇక్కడ మన వాళ్ళు ఎవరు కలిసినా మొదటి ప్రశ్న అదే: రోయింగ్‌కి స్కాలర్‌షిప్పులు ఎక్కువటగా? ఉన్నాయి, ఆడపిల్లలకి బాగానే ఉన్నాయి. కానీ ఆ పిల్ల తెడ్డు వేస్తున్నప్పటి మొహం ఒక్కసారి చూసినవాళ్ళు ఆ ప్రశ్న అడగరు.

అమ్మకి నేనే చెప్పాలి. చెప్పాను. చాలాసేపు ఫోన్‌లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత, "పడవ పందెం ఏటా వస్తుంది. ఆ పిల్ల పెళ్ళి ఏటా వస్తుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? వదిన ఇంకా తక్కువ మాట్లాడింది. "సరే, మీ ఇష్టం" అని పెట్టేసింది. మన ఇళ్ళలో "మీ ఇష్టం" అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

చివరికి తేలిందేమిటంటే, నేను మేనత్తని కాబట్టి వెళ్ళి తీరాలి, వాళ్ళ నాన్న చిన్నితో ఉంటారు. విమానాశ్రయంలో అది నన్ను పట్టుకుని ఏడ్చిన ఏడుపు చూస్తే, ఇష్టమైన పని చేసుకుంటున్న పిల్ల అని ఎవరూ అనుకోరు. మేనకోడలికి ఇమ్మని ఒక కవరు ఇచ్చింది. అందులో ఏముందో నాకు ఇద్దరూ చెప్పలేదు.

పెళ్ళింట్లో మొదటి రెండు రోజులూ ఎవరు కనబడినా, "చిన్ని రాలేదా?" కాలేజీ పరీక్షలని అబద్ధం ఆడమని అన్నయ్య సలహా ఇచ్చాడు, అదైతే అందరూ ఒప్పుకుంటారు కదా. నేను పడవ పందెమనే చెప్పాను. ఒకావిడ, "అదేమిటమ్మా, చేపలు పట్టేవాళ్ళలాగా" అంది. ఊరుకున్నాను.

పసుపు దంచే రోజు. ఈ రోజుల్లో అది ఎలా జరుగుతుందో తెలిసిందే. రోలుకి కంకణం కడతారు, రోకలికి పువ్వులు చుడతారు, ముత్తైదువులందరూ తలో చెయ్యీ వేసి నాలుగు కొమ్ముల మీద మెత్తగా ఆనిస్తారు, ఫోటో అయిపోతుంది. అసలు పసుపు పొట్లంలో వస్తుంది. అందరూ అయ్యాక, అమ్మ లేచింది. డెబ్భై నాలుగేళ్ళు. "ఇంకో రోకలి ఉందా?" అని అడిగింది. పక్కింటి నుంచి తెచ్చారు. తన ఈడు పెద్దమ్మని ఒకావిణ్ణి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకే రోలు, రెండు రోకళ్ళు. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తోంది. టక్ టక్ మని వరస తప్పకుండా, ఇద్దరూ రోలు వైపు కూడా చూడకుండా. పదిహేను పోట్లు పడ్డాయేమో. కబుర్లాడుతున్న ఆడవాళ్ళంతా ఆగిపోయారు.

అమ్మ ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. "మా చిన్నప్పుడు ముగ్గురం దంచేవాళ్ళం వడ్లు, ఒక్క రోట్లో" అంది. "మూడు రోకళ్ళు. ఎవరి పోటు వాళ్ళది. ఒకతె మధ్యలో చెయ్యి తీసేస్తే రోకలీ రోకలీ కొట్టుకుని వేళ్ళు నలిగేవి. ఇంట్లో ఎవరు పిలిచినా వెళ్ళేవాళ్ళం కాదు. మా అమ్మ తిట్టేది, అయినా వెళ్ళేవాళ్ళం కాదు." కాసేపాగి చీరకొంగుతో మొహం తుడుచుకుని, "అది కూర్చునే చోటు ఎన్నోది?" అంది.

"ఆరోది."

"ఎనిమిదిట్లోనా?"

"ఎనిమిదిట్లో."

ఇంకేం అనలేదు. అరచేతులు ఒకసారి తిప్పి చూసుకుంది.

ఆదివారం రాత్రి. ఫైనల్ అక్కడ పొద్దున్న 9:40కి, అంటే మనకి రాత్రి 10:10. లోపల మేనకోడలు గౌరీపూజలో ఉంది. మండపంలో సన్నాయి హోరు. నేనూ అమ్మా భోజనాల హాలు వెనక, మంచినీళ్ళ డ్రమ్ముల పక్కన రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మావారు ఒడ్డు నుంచి వీడియో కాల్ చేశారు. కనబడింది చెబుతాను. బూడిదరంగు నీళ్ళు. అవతలి గట్టున చెట్లు. ఆ నీళ్ళ మీద ఆరు జెర్రులు. ఏది మనదో ఆయనకీ తెలీదు. "ఎర్ర తెడ్లు, ఎర్ర తెడ్లు" అని అరుస్తున్నారు, వినబడుతున్నది మాత్రం పక్కనున్న ఇంకెవరి పిల్ల పేరో. దగ్గరికొచ్చాక ఒక్క పది సెకన్లు చిన్ని కనబడింది. నోరు తెరుచుకుని, మెడ నిటారుగా.

"అదేమిటే, వెనక్కి తిరిగి కూర్చుంది?" అంది అమ్మ.

"అందరూ అంతే అమ్మా. ముందుకి చూసేది ఆ చివరున్న చిన్నపిల్ల ఒక్కతే."

"సరంగా?"

"సరంగే."

ఫోన్ కాసేపు బిగుసుకుపోయింది. మళ్ళీ వచ్చేసరికి అయిపోయింది. ఐదో స్థానం. ఐదో స్థానానికి ఫ్లోరిడా లేదు. పడవ ఆగిపోయి, ఎనిమిది మందీ తెడ్ల మీదకి వంగిపోయి ఉన్నారు. సరంగు పిల్ల ఒక్కతే తల ఎత్తి ఏదో చెబుతోంది.

"ఎన్నిట్లో ఐదు?" అంది అమ్మ.

"ఆరిట్లో."

"పోనీలే, ఆఖరు కాదు" అని, "పద, గంప దగ్గరికి పిలుస్తున్నారు" అని లేచింది.

తోడిపెళ్ళికూతురుగా వదిన వాళ్ళ చెల్లెలి కూతురు కూర్చుంది. చిన్ని కొలతలకి కుట్టిన లంగా ఆ పిల్లకి జానెడు ఎక్కువైంది. అంచు లోపలికి మడిచి పిన్నీసులు పెట్టారు. పీటల మీద ఉన్నంతసేపూ నా కళ్ళు ఆ మడత మీదే ఉన్నాయి. వదిన కళ్ళు కూడా అక్కడే ఉన్నాయని నాకు తెలుసు. ఇప్పటికీ వదిన ఫోన్ తీస్తుంది, అందరి గురించీ అడుగుతుంది, చిన్ని గురించి అడగదు. మేనకోడలు మాత్రం అప్పగింతలప్పుడు నా చెవిలో, "దానికి చెప్పు, కవరు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉందని" అంది. చెప్పాను. చిన్ని "ఊఁ" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఇప్పుడు చిన్ని పన్నెండో క్లాసు. మళ్ళీ ఆకులు రాలే కాలం వచ్చింది, కొత్త కాగితం వచ్చింది. వచ్చే ఆదివారం సియాటిల్‌లో హెడ్ ఆఫ్ ది లేక్. వాషింగ్టన్ సరస్సుకీ యూనియన్ సరస్సుకీ మధ్య, మాంట్‌లేక్ కట్ అనే ఇరుకు కాలవ గుండా సాగుతుంది. మీలో ఎవరైనా ఈ వైపు ఉంటే ఆ కాలవ గట్టు మీదకి రండి, టికెట్ అక్కర్లేదు. పడవలు ఎంత దగ్గరగా పోతాయంటే తెడ్ల చప్పుడు, సరంగుల అరుపులు అన్నీ వినబడతాయి. వానకోటు వేసుకుని రండి, గొడుగు వెనకవాళ్ళకి అడ్డం. నవంబరు చలి మా వల్ల కాదంటే మే మొదటి శనివారం రండి. అదే కాలవలో విండర్‌మియర్ కప్పు జరుగుతుంది, 1987 నుంచీ జరుగుతోంది. వేరే దేశాల పడవలు కూడా వస్తాయి, వెనకాలే అలంకరించిన పడవల ఊరేగింపు ఉంటుంది. ఆ రోజు గట్టు మీద తిరునాళ్ళే. పిల్లలు తప్పిపోకుండా చూసుకోవాలి.

ఆరో సీటు ఈసారి ఎవరిదో ఇంకా చెప్పలేదు. కొత్తగా వచ్చిన పదో క్లాసు పిల్ల ఒకతె 5 అడుగుల 11 అంగుళాలు ఉందట. చిన్ని రోజూ ఆ పిల్ల గురించి ఏదో ఒకటి చెబుతోంది, మంచిగానే. టెంటులో తిండి వంతు మాది. పోయినసారి అరటిపళ్ళూ బ్రెడ్డూ మిగిలిపోయి, నేను సరదాగా తీసుకెళ్ళిన పులిహోర పది నిమిషాల్లో అయిపోయింది. అందుకని ఈసారి నలభై మందికి పులిహోరే. శనివారం రాత్రే పులుసు కాచి పెట్టుకోవాలి. ఆవ తగ్గించమని సరంగు పిల్ల ప్రత్యేకంగా చెప్పి పంపింది, అరిచేటప్పుడు గొంతు మండుతోందిట.